బతూల్ చేతి నలుగు

మెక్నెస్
మార్చి 6

అమ్మాయ్ హస్నా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, ఎవరి చేతా రాయించలేదు. మసీదు పక్క గదిలో మాకు చదువు చెప్పే పంతులమ్మ, రెండో ఏడు పూర్తి చేసినవాళ్లంతా ఒక్క ఉత్తరమైనా రాసి తీరాలని పట్టుబట్టింది. నా పక్కన కూర్చునే ఆవిడ చనిపోయిన మొగుడికి రాసింది. నాకు చెల్లెలి కూతురు బతికే ఉంది కాబట్టి నీకు రాస్తున్నాను. ఫోను ఎందుకు చెయ్యలేదని అడగకు. ఫోను కొట్లో మనం ఒక మాట అంటే బయట వరసలో ఉన్నవాళ్లు రెండో మాట అందిస్తారు.

నువ్వు చర్మం డాక్టరమ్మ దగ్గర నర్సువి కదా, ఒక సంగతి చెప్పు. నాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఒకతె ఉంది, ఇరవై రెండేళ్లది. బుగ్గలు రెండూ ఎర్రగా కమిలిపోయాయి. నీళ్లు తగిలితే మంట, గాలి తగిలితే మంట, ఎవరైనా తేరిపార చూస్తే ఇంకా మంట. నేను గులాబీ నీళ్లు అద్దాను. గసూల్ మట్టి పట్టు వేశాను. తేనె రాశాను, తేనెలో పసుపు కలిపి మళ్లీ రాశాను. ప్రతిసారీ పిల్ల మర్యాదగా 'మీ చేతికి దేవుడు బలమివ్వాలి' అని, తర్వాత గోడవైపు తిరిగి ఏడ్చింది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిరి స్నానాల హమ్మామ్‌లో ఊరి ఆడవాళ్ల ఒళ్లు రుద్దుతున్నాను. చర్మం గురించి నన్ను అడిగేవాళ్లే గానీ నేను ఎవరినీ అడిగి ఎరగను. కాబట్టి ఇది అడగడం కాదు, ఊరికే కనుక్కోవడం.

ఈ వారం నేను పనిలోకి వెళ్లడం లేదు. మోకాళ్ల నొప్పి.

నీ పెద్దమ్మ,
బతూల్


అగాదిర్
మార్చి 15

పెద్దమ్మకు హస్నా సలాములు.

నీ చేతిరాత చూసి క్లినిక్‌లో అందరికీ చూపించాను. అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, గురువారం నాడు మీ వేడి గదిలో ఆడవాళ్లలాగే. నాకు చాలా సంతోషమైంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ముందు నీ గులాబీ నీళ్లు, మట్టి, తేనె, పసుపు అన్నీ ఆపెయ్. కోప్పడకు, చదువు. పొద్దున గోరువెచ్చని నీళ్లతో ముఖం కడుక్కోవాలి. వేడినీళ్లు కాదు. చేత్తోనే కడగాలి, గుడ్డ వద్దు, ఒళ్లు రుద్దే గరుకు కీసా తొడుగు అసలే వద్దు. తువ్వాలుతో అద్దాలి గానీ తుడవకూడదు. ముఖం కాస్త తడిగా ఉండగానే వాసన లేని మామూలు క్రీము రాయాలి. బయటికి వెళ్తే ఎండకు రాసుకునే క్రీము, పైన వెడల్పు టోపీ. రాత్రి మెత్తటి సబ్బుతో ఒకసారి కడిగి మళ్లీ అదే క్రీము. అంతే. ఇలా రోజూ చెయ్యాలి, నెలలు చెయ్యాలి. ఇంకేమీ కలపకూడదు, ఎవరు ఏమి చెప్పినా.

సబ్బు, రెండు క్రీములు పార్శిలులో పంపుతున్నాను.

నాకు రెండు విషయాలు చెప్పు. ఆ పిల్ల ముఖానికి ముందు నుంచీ ఏం రాసుకునేది? ముఖాన్ని ఎవరైనా రుద్దారా?

ఇంకొకటి. పెదనాన్న పోయినప్పుడు కూడా నువ్వు పని మానింది మూడు రోజులే. మోకాళ్లకు వారం ఎందుకు పట్టింది?

హస్నా


మెక్నెస్
మార్చి 27

హస్నా,

పార్శిలు అందింది. నువ్వు మూడేళ్లు చదివి నేర్చుకుంది ఇదా? నీళ్లతో కడుక్కో, మెత్తగా రాసుకో, నీడన ఉండు. మా పక్కింటి మేకకు ఇవన్నీ తెలుసు, అది ఏ బడికీ వెళ్లలేదు. నీ పరువు పోతుందని ఎవరికీ చెప్పడం లేదు.

అయినా నువ్వు రాసినట్టే చేస్తున్నాను. పొద్దునే వాళ్లింటికి వెళ్తున్నాను, సాయంత్రం మళ్లీ వెళ్తున్నాను. పిల్ల పేరు ఇక్రామ్. మొదటి రోజు అద్దం ముందు బల్ల మీద పదకొండు సీసాలు, నిమ్మచెక్కలు, ఈస్టు, కోడిగుడ్డు పెంకుల పొడి ఉన్నాయి. అన్నీ బుట్టలో వేసి మూత పెట్టాను. చెంపల మీద అంతమంది చుట్టాలు వచ్చి కూర్చుంటే ముఖం ఎక్కడ కూర్చుంటుంది అన్నాను. పిల్ల నవ్వబోయి ఆగిపోయింది, నవ్వితే చర్మం లాగుతుందట.

దాని తల్లి లల్లా రబీఆ నాతో మాట్లాడదు. తలుపు తీస్తుంది, పక్కకు తప్పుకుంటుంది, నేను వెళ్లాక తలుపు వేస్తుంది. ఇంట్లో ఉన్నా తలగుడ్డ చెంపల మీదికి లాక్కుని కట్టుకుంటుంది. ఆవిడది పెద్దింటి పద్ధతి. టీ ఇవ్వదు. నాకూ ఆ ఇంట్లో టీ తాగాలని లేదు.

ఇక్రామ్‌కు మార్చి నెల మొదట్లో పెళ్లి జరగాల్సింది. ముఖం ఇలా అయ్యాక జులైకి వాయిదా వేశారు. అబ్బాయివాళ్లు ప్రస్తుతానికి సరేనన్నారు. ప్రస్తుతానికి అనే మాట వాళ్లదే.

నువ్వడిగిన దానికి జవాబు. అవును, రుద్దారు. పెళ్లికి ముందు పెళ్లికూతుర్ని హమ్మామ్‌కు తీసుకొచ్చినప్పుడు మా దగ్గరి మనిషి ఒకతె రుద్దింది. తొమ్మిది రోజులైంది నీ పద్ధతి మొదలుపెట్టి. ముఖం ముందుకన్నా ఘోరంగా ఉంది. దీనికి నీ డాక్టరమ్మ ఏమంటుంది?

మోకాళ్లు అలాగే ఉన్నాయి.

బతూల్


అగాదిర్
ఏప్రిల్ 5

పెద్దమ్మా,

నీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. మేక దగ్గర ఆవిడ బాగా నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి నాలుగు ప్రశ్నలు అడిగింది, అవే రాస్తున్నాను.

చర్మం కాగితంలా పలచగా, మెరుస్తూ ఉందా? బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తున్నాయా? దవడ పక్కన ఇదివరకు లేని నూగు వచ్చిందా? ముఖం ఒకప్పటికన్నా తెల్లబడిందా?

ఈ నాలుగూ అవునైతే, ఆ పిల్ల పేరులేని గొట్టం క్రీమేదో వాడుతోంది. మూలికల కొట్లలో పంచదార, దాల్చినచెక్కలతో పాటు అవీ అమ్ముతారు. వారంలో తెల్లబడతారు, నెలల్లో చర్మం అరిగిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుంది. అలాంటి ముఖం మీద కీసా వేస్తే ఊడి వచ్చేది మురికి కాదు, చర్మమే. క్రీము ఒక్కసారిగా మానేస్తే మంట రెట్టింపు అవుతుంది, అందుకే ముఖం ఘోరంగా ఉంది. మీ ఊరి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకు మా డాక్టరమ్మ రాసిన ఈ చీటీ చూపించండి. వాళ్లు మెల్లమెల్లగా మాన్పిస్తారు. ముఖం కడిగే పద్ధతి మాత్రం అదే, మార్చకు.

ఇంకో సంగతి. అన్నయ్య జవాద్ ఫోను చేశాడు. నువ్వు ఫిబ్రవరి ఆఖరు నుంచి హమ్మామ్ మెట్లు ఎక్కలేదట. నిన్ను పనిలోంచి తీసేశారని వీధంతా చెప్పుకుంటోందట. ఆ రుద్దిన మనిషి నువ్వేనా?

హస్నా


మెక్నెస్
ఏప్రిల్ 16

హస్నా,

నేనే.

జవాద్‌కు పెళ్లాం పిల్లలు ఉన్నారు, కావలసినంత పని ఉంది, అయినా ఫోను కొట్లో నిలబడే తీరిక దొరికింది. సరే, వాడు మొదలుపెట్టాడు కాబట్టి పూర్తిగా నేనే చెబుతాను.

ఆ రోజు గురువారం. పెళ్లికూతురితో ఇరవై మంది ఆడవాళ్లు వచ్చారు, కొవ్వొత్తులు, పాటలు, అన్నీ. ఇక్రామ్‌ను పసిపిల్లగా ఉన్నప్పటి నుంచీ రుద్దింది నేనే. నల్ల సబ్బు పూసి నానబెట్టాను, కీసా తొడిగాను. నీకు మా పని తెలుసు. రుద్దితే ఊడి వచ్చిన మురికి వత్తులను చేతి మీద పెట్టి చూపిస్తేనే మాకు పేరు. వత్తులు రాకపోతే 'బతూల్ చెయ్యి సడలింది' అంటారు. ఒంటి మీద బాగానే వచ్చాయి. ముఖం మీద సాధారణంగా ఏమీ రావు, అందుకే ముఖం ఊరికే తడిమి వదిలేస్తాం. ఆ రోజు ముఖం మీద కూడా వచ్చాయి. తెల్లగా, సన్నగా వచ్చాయి. నాకు గర్వం కలిగింది. లల్లా రబీఆకు చూపించాను. ఇరవై మంది చూశారు. ఇంకొంచెం రుద్దాను.

పిల్ల నొప్పి అనలేదు. పెళ్లికూతుళ్లు అనరు. చల్లటి గదిలోకి వచ్చాక ముఖం నుంచి నీరు కారడం మొదలైంది.

లల్లా రబీఆ వాకిట్లో డబ్బులు తీసుకునే షమా దగ్గరికి వెళ్లి, బతూల్ ఉన్న హమ్మామ్‌లో మా చుట్టాలు, మా చుట్టాల చుట్టాలు కాలు పెట్టరు అంది. షమా ఏం చేస్తుంది? నా బకెట్, నా పీట తెచ్చి బయట పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లు అక్కడే పెట్టేదాన్ని వాటిని.

నేను ఆ ఇంటికి రోజూ వెళ్లేది అందుకే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాను, కడుగుతున్నాను.

నీ డాక్టరమ్మ నాలుగు ప్రశ్నల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. చీటీ పట్టుకుని ఇక్రామ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు, కూర్చున్నాను. ఇక్కడ ఈ ఏడు ఆలివ్ నూనె బాగుంది. నీకో సీసా పంపుతాను.

బతూల్


అగాదిర్
ఏప్రిల్ 24

పెద్దమ్మా,

రాయడానికి ఏమీ లేదంటే, అంతా ఉందని అర్థం. నీ నోట్లోంచి ఆలివ్ నూనె వచ్చిందంటే నువ్వేదో మింగావని నాకు చిన్నప్పుడే తెలుసు.

ఆ గొట్టం క్రీము నువ్వు చూశావు. పిల్ల ఎవరికీ చెప్పొద్దని నిన్ను బతిమాలి ఉంటుంది. నువ్వు ఒప్పుకుని ఉంటావు. అవునా?

అయితే విను. తప్పు నీ చేతిది కాదు. చర్మాన్ని అంతకుముందే ఆ క్రీము తినేసింది. నువ్వు షమా దగ్గరికి వెళ్లి ఈ ఒక్క మాట చెబితే నీ పని నీకు వస్తుంది. అమ్మ పోయాక ఆ పీట మీది సంపాదనతోనే నన్నూ జవాద్‌నూ పెంచావు. నా నర్సు చదువు నీ వేళ్ల సందుల్లోంచి వచ్చింది. ఎవరో పెద్దింటి అమ్మాయి తెల్లగా కనపడాలనుకున్నందుకు నువ్వు వీధిలో తల దించుకుని నడవడం నేను భరించలేను. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది, రెండూ నీ మీదే.

నువ్వు చెప్పకపోతే సెలవు పెట్టి వచ్చి నేనే చెబుతాను.

హస్నా


మెక్నెస్
జూన్ 3

హస్నా,

ఇన్నాళ్లూ రాయలేదు. ముందు కోపం తగ్గాలి, తర్వాత అక్షరాలు రావాలి. నాకు రెండూ ఆలస్యమే.

నువ్వు వచ్చి ఏం చెబుతావు? నువ్వు చూసిందేముంది? చూసినదాన్ని నేను. హమ్మామ్‌లో నా ముందు ఊరంతా గుడ్డలు లేకుండా కూర్చుంది. ఎవరి వీపు మీద బెల్టు వాతలు ఉన్నాయో, ఎవరి కడుపు మీద ఎవరూ ఎరగని కాన్పు చారలు ఉన్నాయో నాకు తెలుసు. ఒక్కటీ బయటికి రాలేదు. అందుకే నా ముందు కూర్చున్నారు. షమా నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే దాన్ని వాకిట్లో కూర్చోబెట్టారు, లోపల కాదు. ఈరోజు నా పని కోసం ఒక పిల్ల గుట్టు బయట పెడితే పీట దొరుకుతుంది. దాని ముందు ఎవరు కూర్చుంటారు?

కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు అంటావు, తెలుసు. నాకుంది దురద. నేను ఇంకొంచెం రుద్దాను కదా. ఆ ఇంకొంచెం ఏ క్రీముదీ కాదు, నాదే. మూడు రుద్దులకే ఆగి ఉంటే పిల్లకు అంత జరిగేది కాదు. ఇది షమాకు చెప్పను, నీకు చెబుతున్నాను.

పిల్ల నయమవుతోంది. డాక్టరు తానిచ్చిన మందును మెల్లగా తగ్గిస్తున్నాడు. మొదటి నెల నరకం. దురదకు రాత్రుళ్లు చేతులకు మేజోళ్లు తొడుక్కుని పడుకునేది. ఇప్పుడు నీరు కారడం లేదు. నవ్వుతోంది. రంగు తగ్గింది, చెప్పాలంటే దాని సొంత రంగు వచ్చింది, గోధుమ రంగు. అద్దంలో చూసుకుని ఎవరీవిడ అంది. మీ నాయనమ్మ, అచ్చం ఆవిడ రంగే అన్నాను. ముఖం కడుక్కోవడం ఇప్పుడు నేను లేకుండానే చేస్తుంది, అయినా నేను వెళ్తున్నాను. ఖాళీగా కూర్చుంటే నా చేతులకు ఏం చెయ్యాలో తోచదు.

నీ పద్ధతి గురించి ఒక మాట. మేక సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కువ చెయ్యడం సులువు. ముప్పై ఒక్క ఏళ్లు ఎక్కువే చేశాను. రోజూ ఆ కాస్తే చేసి చేతులు ఒళ్లో పెట్టుకోవడం నాకు ఈ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది.

పెళ్లి జులై మొదటి శనివారం. నన్ను పిలవలేదు.

సెలవు పెట్టకు.

బతూల్


అగాదిర్
జూన్ 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు. అయినా సెలవు కాగితం చింపేశాను.

ఒక్కటే అడుగుతాను. ఇల్లు ఎలా గడుస్తోంది? నిజం రాయి. ఆలివ్ నూనె గురించి రాయకు.

హస్నా


మెక్నెస్
జులై 17

హస్నా,

ఇల్లు గడుస్తోంది. నల్ల సబ్బు ఉడికించి డబ్బాల్లో పోసి అమ్ముతున్నాను. చాలదు. ఇది నిజం.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఇక గుట్టు కాదు, అందుకే రాస్తున్నాను.

పెళ్లి జరిగింది. నేను వీధి మొగలో నిలబడి చూశాను. ఇక్రామ్ ముఖానికి రంగులేమీ ఎక్కువ వెయ్యలేదు, బాగుంది. అబ్బాయి తల్లి మాత్రం పిల్లను చూపించిన రోజు ఇంత చామనఛాయ కాదే అందట. అబ్బాయి, నాకు ఇప్పుడే బాగుంది అన్నాడట. ఆ మాట వీధంతా తిరిగింది. నేను ఇంటికి వచ్చి పడుకున్నాను.

నాలుగో రోజు లల్లా రబీఆ మా ఇంటికి వచ్చింది. నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మలు రెండు తెచ్చింది. మన దగ్గర చక్కెర దిమ్మ పట్టుకుని ఎందుకు వస్తారో నీకు తెలుసు. పెళ్లి సంబంధానికి వస్తారు, చావుకు వస్తారు, తప్పు ఒప్పుకోవడానికి వస్తారు. మా ఇంట్లో పెళ్లీడు పిల్ల లేదు, ఎవరూ చావలేదు. కూర్చోమన్నాను.

టీ పెట్టాను, తాగలేదు. తర్వాత తలగుడ్డ విప్పింది. హస్నా, ఆవిడ బుగ్గలు కూతురి బుగ్గలకన్నా అన్యాయంగా ఉన్నాయి. నరాలన్నీ పైకే ఉన్నాయి, చర్మం ఉల్లిపొరలా ఉంది. పదకొండేళ్లుగా అదే గొట్టం క్రీము రాస్తోందట. మొగుడు ఇంకో పెళ్లి మాట ఎత్తినప్పుడు మొదలుపెట్టిందట. ఇక్రామ్ తల్లి అలమారలోంచే రెండు గొట్టాలు తీసుకుంది.

"ఆ రోజే లెక్క చూసుకున్నాను. రెండు తక్కువున్నాయి. నీ చెయ్యి కాదని ఆ రోజే తెలుసు నాకు. నోరు విప్పితే నా ముఖం గురించి కూడా చెప్పాలిగా, బతూల్. అందుకని నీ పొట్ట కొట్టాను."

అంతే అంది. నాకు చాలా కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను కూడా. నాలుగు నెలలు తలుపు తీసి పక్కకు తప్పుకున్న మనిషి. ఏదో గట్టిగా అనాలని నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ కళ్లనీళ్లు బుగ్గ మీదికి జారాయి. ఉప్పు తగిలి మంట పుట్టింది, ఆవిడ మొహం వంకర పోయింది. ఆ మంట ఎలా ఉంటుందో నాలుగు నెలలుగా చూశాను. ఉతికిన గుడ్డ తెచ్చి, తుడవకుండా అద్దాను. గోరువెచ్చని నీళ్లు తెచ్చాను. మీ అమ్మాయికి చేసిందే మీకూ చేస్తాను, రేపు ఆసుపత్రికి వెళ్దాం, మొదట ఇంకా ఘోరంగా ఉంటుంది, ఎవరికీ చెప్పను అన్నాను.

"నువ్వు చెప్పవని తెలుసు" అంది.

నిన్న గురువారం. మధ్యాహ్నం షమా కూతురు పరుగెత్తుకొచ్చి వెంటనే రమ్మంటున్నారని చెప్పింది. వెళ్లాను. వేడి గదిలో ముప్పై మంది ఆడవాళ్లు ఉన్నారు. మధ్యలో, వెలుతురు పడే చోట, లల్లా రబీఆ కూర్చుని ఉంది. పదకొండేళ్లుగా ఆవిడ జుట్టు ముఖం మీద వేసుకుని మూలన కూర్చునేది. నిన్న జుట్టు వెనక్కి ముడి వేసింది. ముఖం మొత్తం కనిపిస్తోంది. అందరూ చూస్తున్నారు. నల్ల సబ్బు పూసుకుని నానుతూ ఎంతసేపటి నుంచి కూర్చుందో, ఇంకెవరు రుద్దుతామన్నా వద్దందట.

నా పీట అక్కడే ఉంది. షమా ఇన్నాళ్లూ దాచి ఉంచిందట, తెచ్చి పెట్టింది. నేను కూర్చున్నాను. లల్లా రబీఆ వెనక్కి తిరిగి వీపు నాకు అప్పగించింది. తర్వాత గదంతా వినపడేలా అంది.

"వీపు రుద్దు బతూల్. ముఖం వద్దు. ముఖానికి నువ్వు చెప్పిందే చేస్తున్నా. నీ చేతిలో తప్పు లేదు, మా ఇంట్లో ఉంది."

నేను రుద్దాను. మెల్లగానే రుద్దాను. వత్తులు పెద్దగా రాలేదు, ఎవరికీ చూపించలేదు. ఏడ్చాను కూడా. ఆవిరిలో కదా, చెమట అనుకుని ఉంటారు.

లల్లా రబీఆ లేచాక నేను బకెట్ కడుక్కుంటుంటే ఒకావిడ నీళ్లు పట్టుకునే నెపంతో పక్కకు వచ్చింది. ఎల్లుండి పొద్దున ఇంట్లో ఉంటావా అని మెల్లగా అడిగింది. ఆవిడ వెళ్లాక ఇంకొకావిడ వచ్చింది. గది మూసేవేళకు మొత్తం ఏడుగురు. ప్రతి ఒక్కతీ తను ఒక్కతే అనుకుంటోంది. వాళ్ల చెంపల కేసి అప్పుడు చూశాను, అవే ఎర్రటి నరాలు. ముప్పై ఒక్క ఏళ్లు వీపులు చూస్తూ గడిపాను, చెంపలు చూడాలని తోచలేదు.

వేర్వేరు వేళల్లో రమ్మన్నాను, ఎవరికి ఎవరూ ఎదురుపడకుండా. మా ఇంట్లో ఒక్కటే పీట ఉంది. ఈ సాయంత్రం బజారుకు వెళ్లి రెండు కొనాలి, ఆడవాళ్లు చెప్పిన వేళకు ఎప్పుడు వచ్చారు గనక.

బతూల్